షెడ్డుకొస్తే అన్నీ వెలుగుతాయి

పాత డీజిల్ లారీలో వచ్చిపోయే కరెంటు లోపాన్ని పట్టుకోవడం ఒక విద్య. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం షెడ్లలో ఆ విద్య ఉంది. దానికి కూలి మాత్రం ఇంకా కుదరలేదు.

"మిట్ట ఎక్కేటప్పుడు ఎనక లైట్లు ఆరిపోతాండాయినా. దిగేటప్పుడు వాటంతకవే వెలుగుతాండాయి."

"ఇప్పుడెయ్యి, సూద్దాం."

డ్రైవరు స్విచ్ వేస్తాడు. ఎడమ దీపం, కుడి దీపం, నంబరు ప్లేటు దీపం అన్నీ నిక్షేపంగా వెలుగుతాయి. బ్రేకు తొక్కితే ఎర్రగా మండుతాయి. ఇండికేటరు తడబడకుండా కొట్టుకుంటుంది. డ్రైవరు దిగి, వెనక్కి నడిచి, తన కళ్లతో చూసుకుని తల గోక్కుంటాడు.

హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఏ ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డు ముందు ఓ పూట నిలబడినా ఈ సంభాషణ ఏదో ఒక రూపంలో చెవిన పడుతుంది. పొద్దున తిరగని సెల్ఫ్ మధ్యాహ్నం మొదటి దెబ్బకే తిరుగుతుంది. ఛార్జింగ్ దీపం గంటసేపు భయపెట్టి, ఎవరూ ముట్టుకోకుండానే ఊరుకుంటుంది. నాలుగు చినుకులు పడితే హారన్ దానంతటదే మోగుతుంది. పూర్తిగా పాడైన వస్తువుతో మెకానిక్కుకు పెద్ద ఇబ్బంది లేదు. కాలిన మోటారు ఎప్పుడు విప్పినా కాలిపోయే ఉంటుంది. వచ్చిపోయే లోపంతోనే తంటా. వెతికే వేళకు అది ఉండదు.

అలాంటప్పుడు మామూలుగా ఏం జరుగుతుందో లారీ యజమానులందరికీ తెలుసు. ముందు బల్బులు మారుస్తారు. నాలుగు రోజులు బాగుంటుంది, లేదా బాగున్నట్టు అనిపిస్తుంది. మళ్లీ ఆరితే హోల్డర్లు, ఆ తర్వాత స్విచ్, దాని తర్వాత రిలే. మార్చిన ప్రతి సామానుకూ బిల్లు ఉంటుంది, పాత సామాను అట్టపెట్టెలో పడుతుంది. లోపం మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఇందులో మెకానిక్ మోసం ఉందని నేననుకోను. సామాను బిగిస్తే డబ్బులిచ్చే చోట, వెతికితే ఇవ్వని చోట ఎవరైనా బిగించడమే చేస్తారు. వచ్చిపోయే లోపాలు మన లారీల్లో ఏళ్ల తరబడి బతికి ఉండటానికి తుప్పు, దుమ్ము ఎంత కారణమో ఈ లెక్క కూడా అంతే కారణం.

కరెంటు లేకున్నా నడిచే బండి

పాత లారీకి ఈ జబ్బు ముదరడానికి వెనక ఓ చరిత్ర ఉంది. టాటాల లారీ కంపెనీ టెల్కో 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో చేతులు కలిపి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టింది. ఆ ఒప్పందం 1969 దాకా సాగింది. మద్రాసులో 1948లో అశోక్ మోటార్స్‌గా పుట్టిన కంపెనీ 1955లో అశోక్ లేలాండ్ అయింది. హిందూపురానికి నూరు కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో మైకో కంపెనీ ఈ ఇంజన్లకు డీజిల్ పంపులు చేసిపెట్టింది. ఈ మూడు పేర్లూ కలిసి తయారుచేసిన బండి స్వభావం ఒక్కటే. ఇంజన్ ఒకసారి అంటుకుంటే ఇక దానికి కరెంటుతో పనిలేదు. పంపు గేర్ల మీద తిరుగుతుంది, డీజిల్ ఒత్తిడికే మండుతుంది. ఆపాలంటే డ్రైవరు కేబుల్ లాగుతాడు. బ్యాటరీ వైరు ఊడదీసినా బండి బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్లిపోతుంది, చీకటి పడకపోతే.

అందుకే కరెంటు పనికి ఎప్పుడూ రెండో పీటే. దీపాలు మసకబారినా బండి కదులుతోంది కదా అని యజమాని ఊరుకుంటాడు. సెల్ఫ్ పని చేయకపోతే డ్రైవరు బండిని మిట్ట మీద పెట్టుకుని పడుకుంటాడు, పొద్దున దొర్లించి గేరు వేస్తాడు. ఇలా ఇరవై ఏళ్లు గడుస్తాయి.

ఆ ఇరవై ఏళ్లలో వైరింగ్ ఏమవుతుందో చూడాలంటే డ్యాష్‌బోర్డు కింద తల పెట్టాలి. కంపెనీ నుంచి వచ్చిన కిట్టులో ఏ పనికి ఏ రంగు తీగ అన్న నియమం ఉంటుంది. కానీ మన దగ్గర చాలాకాలం లారీ అంటే ఛాసీ, ముందు కౌల్ అనే రేకు భాగం మాత్రమే. క్యాబిన్, వెనక బాడీ స్థానికంగా వడ్రంగులు, వెల్డర్లు కట్టినవే. బాడీ కట్టినచోట దీపాల తీగలు ఆ రోజు చేతికి దొరికిన రంగులో లాగారు. తర్వాత ఓ యజమాని ప్రెషర్ హారన్ పెట్టించాడు. ఇంకొకరు పాటల పెట్టె పెట్టించారు. మూడో ఆయన దేవుడి పటం చుట్టూ రంగు దీపాలు వేయించాడు. ప్రతివాళ్లూ దగ్గర్లో ఉన్న తీగను గీరి, కొత్త తీగ మెలిపెట్టి, పైన టేపు చుట్టారు. ఎండకు ఆ టేపు జిగురు కరిగి కారింది, దాని మీద దుమ్ము కూర్చుంది. ఇప్పుడు ఆ లారీకి సరైన వైరింగ్ పటం ఈ భూమ్మీద ఎక్కడా లేదు. కంపెనీ పుస్తకంలో ఉన్నది ఆ బండి పుట్టినప్పటి జాతకం మాత్రమే.

ఫ్యూజు సంగతి చెప్పకపోవడమే మేలు. మాటిమాటికీ పోతోందని ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి పోగు చుట్టేవాళ్లు, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి దూర్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫ్యూజు పోవడం బండి చెబుతున్న సాక్ష్యం. సాక్షి నోరు నొక్కేస్తే తర్వాత మాట్లాడేది మంట.

"ఇంకేం ఆరింది?"

మళ్లీ మన షెడ్డుకు వద్దాం. ఎలక్ట్రీషియన్ తెలివైనవాడైతే ఇప్పుడు స్క్రూడ్రైవర్ తీయడు. స్టూలు లాక్కుని కూర్చుంటాడు.

"ఖాళీ బండికి గూడా ఆరిపోతాండాయా?"

డ్రైవరు ఆలోచిస్తాడు. "లేదునా. లోడుంటేనే."

"ఏం లోడు?"

"చింతపండు. హిందూపురం మార్కెట్లో ఎత్తి హైదరాబాదుకు పోతాంటాం."

"రెండు పక్కలా ఒకేసారి ఆరిపోతాండాయా, ఒక్క పక్కనా?"

"రెండూ. అద్దంలో రోడ్డు మీద ఎర్రగా పడే ఎలుగు పోతాది. అట్ల తెలుస్తాది నాకు."

"అవి ఆరినప్పుడు ఇంకేం ఆరింది? మీటరు బోర్డు దీపాలు?"

"అవి ఉంటాయి."

నాలుగు ప్రశ్నల్లో లారీ సగం తగ్గిపోయింది. మీటరు బోర్డు దీపాలకూ వెనక దీపాలకూ కరెంటు ఒకే స్విచ్ నుంచి వస్తుంది. బోర్డు వెలుగుతూనే ఉందంటే బ్యాటరీ నుంచి స్విచ్ దాకా దారి బాగుంది. రెండు పక్కలా ఒకేసారి ఆరాయంటే బల్బుల తప్పు కాదు, హోల్డర్ల తప్పూ కాదు. రెండు బల్బులు ఒకే క్షణాన పోయి ఒకే క్షణాన వస్తాయా? రెండింటికీ ఉమ్మడిగా ఉన్న తీగలోనో, ఉమ్మడి ఎర్త్‌లోనో ఉంది లోపం. ఇక లోడుంటేనే, మిట్టలోనే అన్నాడు. షెడ్డులోకి వచ్చిన లారీ ఖాళీది, చదును నేల మీద ఉంది. లోపం బయటపడే పరిస్థితి షెడ్డులో లేనే లేదు. దీపాలు వెలగడంలో వింతేముంది?

ఈ పనిలో అసలు కిటుకు ఇదేనని నా అభిప్రాయం. వచ్చిపోయే లోపానికి తనకంటూ ఓ వేళ ఉంటుంది. అది వేడి కావచ్చు, తడి కావచ్చు, కుదుపు కావచ్చు, బరువు కావచ్చు. ఆ వేళేదో తెలిసిన మనిషి డ్రైవరు ఒక్కడే. చాలా షెడ్లలో డ్రైవరును టీకి పంపేసి పని మొదలుపెడతారు.

మన మూడు ఊళ్లూ ఈ వేళలకు మంచి పరీక్షా స్థలాలు. హిందూపురం సముద్ర మట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉంటుంది. డిసెంబరు తెల్లవారుజామున అక్కడ ఇంజన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ మీద భారం పెరుగుతుంది. బ్యాటరీ బలం అదే వేళ తగ్గుతుంది. టెర్మినల్ దగ్గర కాస్త వదులుంటే అప్పుడే బయటపడుతుంది. ధర్మవరం అంతకన్నా బాగా దిగువన ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం అక్కడ ఆగిన లారీ బానెట్ కింద రిలేలో, రెగ్యులేటర్లో పగిలిన టంకం వేడికి విచ్చుకుంటుంది, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ అతుక్కుంటుంది. అలాంటిదాన్ని పట్టుకోవాలంటే హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్కో రిలేకే వేడి గాలి పెట్టి చూడాలి. ఏది వేడెక్కినప్పుడు దీపం పోతే అదే దోషి. ఇక పెనుకొండ దగ్గర నాలుగు వరుసల జాతీయ రహదారి ఉంది. ఒకప్పటి 7వ నంబరు, ఇప్పటి 44. పక్కనే ఎర్రమంచిలో 2019 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైన కియా ఫ్యాక్టరీ నుంచి కొత్త కార్లు ట్రైలర్లెక్కి పోతుంటాయి. వాటి వెనకే వెనక దీపం లేని చింతపండు లారీ కూడా పోతుంటుంది. ఆ వెనక ఇంకెవరో వస్తుంటారు.

తడి విషయానికి వస్తే ఈ సీమకు ఓ ప్రత్యేకత ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. తడికి బయటపడాల్సిన లోపం ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో దాక్కుంటుంది. తీగలు కలిపే కప్లర్లలో దుమ్ము పేరుకుంటూ ఉంటుంది, పొడి దుమ్ము కరెంటును పారనీయదు కాబట్టి ఏమీ తెలియదు. సెప్టెంబరు వానకో, లోడు తీసుకుని మంగళూరు ఘాట్ దిగినప్పుడో ఆ దుమ్ము బురదవుతుంది. అప్పుడు ఒక పిన్ను కరెంటు పక్క పిన్నులోకి పాకుతుంది. ఇండికేటర్ వేస్తే హారన్ మోగేది అందుకే. దసరాకు ఆయుధ పూజ కోసం వాటర్ సర్వీస్ చేయించిన మర్నాడు ఆటో ఎలక్ట్రీషియన్లకు చేతినిండా పని దొరికేదీ అందుకే. పెద్ద ఒత్తిడితో కొట్టిన నీళ్లు వాన కూడా చేరని సందుల్లోకి పోతాయి. పూజకు నిమ్మకాయలు, మిరపకాయలు కడతారు గానీ కప్లర్లకు ఓ ప్లాస్టిక్ కవరు కట్టరు.

ఎలుకలది వేరే కథ. బెల్లం, వేరుసెనగ మోసే లారీలో ఎలుక కొరకని వైరింగ్ దొరికితే అదృష్టమే.

తిరుగు దారి

వచ్చిపోయే లోపాల్లో పెద్ద వాటా ఎర్త్‌ది. లారీలో ప్రతి దీపానికీ రెండు తీగలు ఉండవు. బ్యాటరీ నుంచి వెళ్లడానికి తీగ ఉంటుంది, తిరిగి రావడానికి ఛాసీ ఇనుమే దారి. క్యాబిన్, ఇంజన్ రబ్బరు మీద కూర్చుంటాయి, రబ్బరు కరెంటును పోనివ్వదు. కాబట్టి ఇంజన్‌కూ ఛాసీకీ మధ్య ఒకటి, క్యాబిన్‌కూ ఛాసీకీ మధ్య ఒకటి అల్లిన రాగి పట్టీలు బోల్టులతో బిగిస్తారు. బండి మొత్తంలో ఎవరూ చూడని సామాను ఇవే. ఛాసీకి రంగు వేసేవాడు పట్టీ మీద కూడా వేసేస్తాడు. గేరుబాక్సు దించిన మెకానిక్ పట్టీ విప్పి, తిరిగి బిగించేటప్పుడు మరిచిపోతాడు.

ఇంజన్ ఎర్త్ పట్టీ తెగితే సెల్ఫ్ వేసినప్పుడు వందల ఆంపియర్ల కరెంటు తిరిగి వెళ్లడానికి దారి వెతుక్కుంటుంది. యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, మీటరు కేబుల్, ఏది దొరికితే అది. క్లచ్ కేబుల్ వేడెక్కి పొగ వస్తోందని లారీ వస్తే కేబుల్ మార్చి పంపే షెడ్లున్నాయి. కొత్త కేబుల్ కూడా పొగ వదులుతుంది.

వెనక దీపాల డబ్బాలో ఎర్త్ పోతే ఇంకా తమాషా. పార్కింగు, బ్రేకు, ఇండికేటరు మూడింటికీ ఆ డబ్బాలో తిరుగు దారి ఒకటే. అది పోయినప్పుడు పార్కింగు దీపంలోకి వచ్చిన కరెంటు పక్కనున్న బ్రేకు బల్బు పోగులోంచి వెనక్కి పారి, ఆ తీగ వెంట అవతలి వైపు డబ్బాకు పోయి, అక్కడి ఎర్త్ పట్టుకుని బ్యాటరీ చేరుతుంది. చూసేవాళ్లకు బ్రేకు తొక్కకుండానే రెండు వైపులా బ్రేకు దీపం మసగ్గా వెలుగుతుంది. ఇండికేటరు వేస్తే పార్కింగు దీపం దాంతోపాటు ఊగుతుంది. ఒక దీపం వేస్తే సంబంధం లేని ఇంకో దీపం మారిందంటే ముందు ఎర్త్ బోల్టు దగ్గరికి పోవాలి. విప్పి, తుప్పూ రంగూ గీకి, మెరిసే ఇనుము కనిపించాక బిగించి, పైన వాజిలిన్ పూస్తే చాలు. దీనికి సామాను ఖర్చు సున్నా. బిల్లు ఎలా రాస్తారు?

మీటరు చెప్పే అబద్ధం

ఇప్పుడు ప్రతి షెడ్డులోనూ మల్టీమీటర్ ఉంది. దాంతో ఓ చిక్కు కూడా వచ్చింది. తీగలో ముప్పై పోగులుండి ఇరవై తొమ్మిది తెగినా, మిగిలిన ఒక్క పోగు గుండా మీటరుకు 24 వోల్టులూ నిండుగా కనిపిస్తాయి. మీటరు తాగే కరెంటు అంత తక్కువ. బల్బు పెట్టి చూస్తేనే ఆ పోగు బరువు మోయలేక చేతులెత్తేస్తుంది. పాత మిస్త్రీలు చేతిలో తిప్పే టెస్ట్ ల్యాంపును చూసి కుర్రాళ్లు నవ్వుతారు గానీ, ఈ ఒక్క విషయంలో మీటరు కంటే అదే నిజం చెబుతుంది.

మీటరును సరిగ్గా వాడే పద్ధతి వేరే ఉంది. దీపాలన్నీ వేసి ఉంచాలి. మీటరు ఒక కొనను బ్యాటరీ ప్లస్సుకు, ఇంకో కొనను బల్బు ప్లస్సుకు ఆనించాలి. దారి బాగుంటే మీటరు దాదాపు సున్నా చూపాలి. ఒక్క జాయింటు దగ్గర 0.2 వోల్టులకు మించి పోకూడదన్నది ఈ వృత్తిలో వాడుకలో ఉన్న కొలత. ఆ తర్వాత బ్యాటరీ మైనస్సు, బల్బు ఎర్త్ మధ్య కూడా అలాగే. ఎక్కడ రెండు మూడు వోల్టులు కనిపిస్తే దొంగ ఆ ముక్కలో ఉన్నాడు. రెండు మూడు వోల్టులే కదా అనుకోవడానికి లేదు. మామూలు ఫిలమెంట్ బల్బుకు పదోవంతు వోల్టేజీ తగ్గితే వెలుగు దాదాపు మూడోవంతు పడిపోతుంది.

ఓమ్‌లలో కొలిచి లాభం లేదు. సెల్ఫ్ తీగలో ఓమ్‌లో నూరోవంతు అడ్డు ఉంటే చాలు, 300 ఆంపియర్లు లాగేటప్పుడు అక్కడే మూడు వోల్టులు పోతాయి. షెడ్డు మీటరు తీగల సొంత అడ్డే అంతకు పదింతలు ఉంటుంది. అది నూరోవంతును ఎలా పసిగడుతుంది?

ఫ్యూజు ఎప్పుడో ఒకప్పుడు పోతోంది, ఎందుకో తెలియడం లేదు. అలాంటి బండికి ఓ పాత ఉపాయం ఉంది, నాకు బాగా నచ్చినది. ఫ్యూజు తీసేసి దాని చోట ఓ బల్బు పెడతారు. షార్టు లేనప్పుడు అది మసగ్గా ఉంటుంది, లేదా ఆరి ఉంటుంది. ఒకరు బల్బును చూస్తుంటే ఇంకొకరు వైరింగ్ కట్టను క్యాబిన్ నుంచి వెనక్కి జానెడు జానెడు చొప్పున కదుపుతూ పోతారు. షార్టయ్యే చోటు చేతికి తగలగానే బల్బు భగ్గుమంటుంది. ఎంత షార్టయినా బల్బు తాగేదానికి మించి కరెంటు పారదు కాబట్టి తీగ కాలదు. ఎన్నిసార్లయినా ఆర్పి వెలిగించి చూసుకోవచ్చు. అరవై రూపాయల ఫ్యూజుల పొట్లం ఖాళీ చేయనక్కర్లేదు.

చింతపండు లారీ

మన లారీకి కావాల్సింది లోడు, మిట్ట. రెండూ షెడ్డులో దొరకవు కాబట్టి పరీక్షను రోడ్డు మీదికి పంపాలి. వెనక దీపాల తీగ ఛాసీ వెంట పోయి, చివర్లో బాడీ చెక్కలోకి ఎక్కి, అక్కడి నుంచి దీపాల డబ్బాలకు చీలుతుంది. ఎలక్ట్రీషియన్ రెండు చోట్ల సన్న తీగలు కలుపుతాడు. ఒకటి తీగ ఛాసీ మీద ఉన్నంతలో చివరి చోట, రెండోది బాడీలోకి ఎక్కిన తర్వాత. రెండు తీగలనూ క్యాబిన్‌లోకి లాగి చెరో చిన్న బల్బు పెడతాడు. ఎర్త్ మాత్రం బ్యాటరీ నుంచి నేరుగా తీసుకుంటాడు, దాని మీద అనుమానం కలవకుండా. క్లీనరుకు చెప్పేది ఒక్కటే, మిట్టలో ఏ బల్బు ఆరిందో చూసి పెట్టుకో.

ఈ రెండు బల్బుల పద్ధతిలో లెక్క ఉంది. తీగ దారిని ప్రతిసారీ సగం చేసి చూసుకుంటూ పోతే పదహారు జాయింట్లున్న దారిలో నాలుగు పరీక్షలకే తప్పు చోటు తేలుతుంది. ఒక చివర నుంచి వరసగా చూసుకుంటూ పోతే పదహారోది దాకా పోవాల్సి రావచ్చు.

లోడు దించి తిరిగొచ్చాక క్లీనరు చెబుతాడు. మొదటిది వెలుగుతూనే ఉందంట, రెండోది ఆరిపోయిందంట. ఇక వెతకాల్సింది రెండడుగుల మేరే. ఛాసీ నుంచి బాడీకి తీగ దాటే చోటు అది. బాడీని ఛాసీకి పట్టి ఉంచే యూ బోల్టులు వదులయ్యాయి. బరువుతో మిట్ట ఎక్కేటప్పుడు బాడీ కొంచెం వెనక్కి జరుగుతుంది. తీగకు ఛాసీ మీద ఒక క్లిప్పు, బాడీ మీద ఒక క్లిప్పు, మధ్యలో వదులు లేదు. ఏళ్ల తరబడి ప్రతి మిట్టకూ అది సాగుతోంది.

పైకి చూస్తే తీగకు ఏమీ కాలేదు. తొడుగు నల్లగా, నున్నగా ఉంది. ఎలక్ట్రీషియన్ రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లాగుతాడు. రాగి ఉన్న తీగ సాగదు. ఇది ఓ చోట రబ్బరులా సాగింది. అక్కడ బ్లేడుతో తొడుగు చీలిస్తే లోపల పోగులు విడివిడిగా తెగి, కొనలు నల్లబడి, చుట్టూ పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. ధర్మవరం మగ్గం మీద పడుగు పోగు తెగితే నేసేవాడి కంట పడుతుంది. ఇక్కడ పోగులన్నీ తొడుగు లోపలే తెగాయి, తొడుగు చెక్కుచెదరలేదు. చదును మీద ఆ కొనలు ఒకదాన్నొకటి ఆనుకుని కరెంటు మోస్తాయి. మిట్టలో విడిపోతాయి.

చిలుము పాకిన మేర తీగ కోసేయాలి, మెరిసే రాగి వచ్చేదాకా. కొత్త ముక్క కలిపి, జాయింటు నొక్కి, వేడికి ముడుచుకునే స్లీవు వేసి, ఈసారి మధ్యలో గుప్పెడు వదులు ఉంచి క్లిప్పులు కొట్టాలి. యూ బోల్టులు బిగించాలి. ఆ చివరి పని ఎలక్ట్రీషియన్‌ది కాదని వదిలేస్తే ఇంకో రెండేళ్లకు ఇదే లారీ ఇదే మాటతో వస్తుంది.

స్కానరొచ్చినా

పాత లారీ అంటే ఇప్పుడు పంపు లారీ ఒక్కటే కాదు. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్ 4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 కాలుష్య నియమాలు వచ్చాయి. బీఎస్ 4 బండ్లు కూడా పాతబడుతున్నాయి. వాటిలో ఇంజన్ నడకంతా కంప్యూటర్ చేతిలో ఉంటుంది. క్రాంక్ సెన్సర్ తీగ క్షణం వదులైతే నడిరోడ్డు మీద ఇంజనే ఆగిపోతుంది. కరెంటు పనికి ఇన్నాళ్లూ ఉన్న రెండో పీట ఈ బండ్లలో ముందుకొచ్చింది.

స్కానర్ పెడితే కోడు వస్తుంది కదా అంటారు. వస్తుంది. ఫలానా సెన్సర్ దగ్గర వోల్టేజీ తక్కువ అని చెబుతుంది. ఆ సెన్సర్ పోయిందని మాత్రం అది చెప్పలేదు. కప్లర్‌లో పిన్ను వెడల్పయినా, తీగ ఒరుసుకున్నా అదే కోడు. పైగా చాలా సెన్సర్లకు కంప్యూటర్ ఇచ్చే 5 వోల్టుల తీగ ఉమ్మడిగా ఉంటుంది. ఒక సెన్సర్ షార్టయితే బాగున్నవాటి కోడ్లు కూడా వరసగా వస్తాయి. వేల రూపాయల సెన్సర్ మార్చాక బండి మళ్లీ ఆగితే అప్పుడు కప్లర్ విప్పి చూస్తారు. బల్బు, హోల్డరు, స్విచ్, రిలే అన్న పాత వరసే ఇది. ఖరీదు మాత్రం పెరిగింది.

ఇది మన షెడ్ల వెనకబాటని చిన్నచూపు చూడనక్కర్లేదు. విమానాల నిర్వహణలో కూడా పైలట్ ఫిర్యాదు చేసిన పెట్టెను విప్పి పరీక్షిస్తే ఏ లోపమూ కనబడక, 'నో ఫాల్ట్ ఫౌండ్' అని రాసి తిరిగి పంపడం ఏళ్లుగా ఉన్న తలనొప్పే. పాత తీగల్ని ప్రపంచం పట్టించుకునేలా చేసింది పెద్ద ప్రమాదమే. 1996 జులై 17న న్యూయార్క్ నుంచి పారిస్ బయల్దేరిన టీడబ్ల్యూఏ 800 విమానం గాలిలో పేలిపోయి 230 మంది చనిపోయారు. పాతికేళ్ల బోయింగ్ 747 అది. నాలుగేళ్ల దర్యాప్తు తర్వాత తేలిందేమిటంటే మధ్య ట్యాంకులో ఇంధన ఆవిరి అంటుకుంది. నిప్పు ఎక్కడిదో కచ్చితంగా తేల్చలేకపోయినా, ట్యాంకు బయట షార్టయి ఇంధనం కొలిచే తీగల గుండా లోపలికి ఎక్కువ వోల్టేజీ చేరి ఉండొచ్చన్నదే బలమైన అనుమానం. ఆ తర్వాత వైరింగ్‌కు కూడా వయసుంటుందని, దాన్ని విడిగా పరీక్షించాలని విమాన రంగం నియమాలు పెట్టుకుంది.

లారీకి ఆ పరీక్ష ఫిట్‌నెస్ రోజున జరగాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు. 2022 ఏప్రిల్‌లో పదిహేనేళ్లు దాటిన భారీ వాహనానికి ఆ ఫీజును 12,500 రూపాయలకు పెంచారు. కానీ పరీక్షకు వచ్చే లారీ కూడా ఖాళీదే, చదును నేల మీదే నిలబడుతుంది. చింతపండు లారీ అక్కడ వంద మార్కులు తెచ్చుకుంటుంది.

బిల్లు

మూరెడు తీగ, స్లీవు, రెండు క్లిప్పులు. సామాను రెండు వందలు కూడా కాదు. అడిగింది, ఆలోచించింది, బల్బులు కట్టి రోడ్డుకు పంపింది, బాడీ కింద పడుకుని వెతికింది కలిపితే రెండు పూటల పైన పని. ఇంత సామానుకు అంత కూలా అని యజమాని అడుగుతాడు. ఆయనా గొంతెమ్మ కోరికలు కోరేవాడు కాదు. డీజిల్, టైర్లు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, ఫైనాన్స్ కంతు పోను మిగిలేదానితో ఒక్క లారీ నడుపుకునేవాడు. అయితే అదే ఆయన బల్బులకు, హోల్డర్లకు, స్విచ్‌కు, రిలేకు వేరువేరు రోజుల్లో ఇచ్చిన డబ్బు కూడితే ఈ కూలి కంటే ఎక్కువే అవుతుంది. అప్పుడు చేతిలోకి ఓ వస్తువు వచ్చింది కాబట్టి నొప్పి తెలియలేదు.

విదేశాల్లో గ్యారేజీలు వెతకడానికి గంటల లెక్కన వేరే రుసుం తీసుకుంటాయి. లోపం దొరికాక బాగుచేయడానికి మళ్లీ వేరు. మన దగ్గర కూడా బండి లోపలికి రాగానే ఆ మాట తేల్చుకోవడం మేలు. మొదటి గంటకు ఇంత, అది దాటితే యజమానికి ఫోన్ చేసి అడిగాకే ముందుకు. డ్రైవరు చెప్పింది ఓ నోటుపుస్తకంలో రాసుకోవాలి. లోడా, ఖాళీనా, వానా, ఎండా, ఏది ఆరినప్పుడు ఏది వెలుగుతోంది. దొరికిన లోపం కూడా అదే పేజీలో. వచ్చే ఏడాది ఇదే బండి ఇంకో మాటతో వస్తే ఆ పేజీయే దాని వైరింగ్ పటం.

కోసి తీసిన తీగ ముక్కను పారేయకుండా, తొడుగు చీల్చి లోపలి చిలుము కనబడేలా బిల్లుతోపాటు యజమాని చేతిలో పెట్టడం ఇంకో పద్ధతి. అప్పుడు బేరం కొంత తగ్గుతుంది. అసలు బేరమే ఆడని లారీ యజమాని హిందూపురం, ధర్మవరాల మధ్య ఉన్నాడని మాత్రం ఏ ఎలక్ట్రీషియనూ ఒప్పుకోడు.